గది దాటని మాట

లాండ్రీ, మడత బల్ల దగ్గర
జూన్ 4

అన్నయ్యకి,

ఫోన్ చేస్తే "సెషన్‌లో ఉన్నా, తర్వాత మాట్లాడతా" అంటావు. ఆ తర్వాత ఎప్పుడూ రాదు. అందుకే ఉత్తరం. దీన్ని మధ్యలో పెట్టేయడానికి మీట లేదు, చివరిదాకా చదవాల్సిందే.

బాబాయి మాట్లాడటం మానేశాడు. అలక కాదు. అలిగితే గిన్నెలు చప్పుడు చేస్తాడని నీకూ తెలుసు. ఏప్రిల్‌లో పాత బాయిలర్ పీకేసి, మీట నొక్కితే దానంతట అదే మండే కొత్తది పెట్టారు. ముప్పై రెండేళ్లు ఈ లాండ్రీకి ఆవిరి పట్టిన మనిషికి ఒక చేతి గడియారం ఇచ్చి ఇంటికి పంపించారు. మే నెల సగం వరకూ బాగానే ఉన్నాడు. ఆ తర్వాత కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఎదురింటి గోడ చూస్తున్నాడు. పిలిస్తే పలుకుతాడు. అడిగితే "ఊఁ" అంటాడు. అంతే. ఆ పాడు బాయిలర్ పోవడమే కారణం, ఇంకేముంది.

అమ్మానాన్నా పోయినప్పుడు నాకు నాలుగేళ్లు, నీకు తొమ్మిది. పెళ్లి మానుకుని మనిద్దరినీ పెంచిన మనిషి ఆయన. ఇది నీకు గుర్తు చేయాల్సి రావడమే నాకు మంటగా ఉంది. నువ్వు ఇల్లు వదిలి పన్నెండేళ్లు. అందులో రెండుసార్లు నన్ను చూడటానికి వచ్చావు, రెండుసార్లూ బస్టాండులోనే కూర్చోబెట్టి మాట్లాడి వెళ్లిపోయావు. ఇంటికి రమ్మని అడిగి అడిగి నా నోరు నొప్పెట్టింది. కాబట్టి ఇప్పుడు అన్నగా అడగటం లేదు. ముక్కూ మొహం తెలియని వాళ్లు వచ్చి ఏడిస్తే వింటావట కదా, ఆ ఉద్యోగస్తుడిని అడుగుతున్నాను. ఏం చేయాలో చెప్పు.

దుప్పటికి అవతలి కొస పట్టుకుని నాతో మడతలు వేసే పిన్ని (మన సొంత పిన్ని కాదు, ఇక్కడ అందరికీ పిన్నే) నీ ఉద్యోగం సంగతి విని తెల్లబోయింది. "వినడానికి చదువా? పైగా జీతమా? మా ఆయన చెప్పేదంతా ఇరవై ఏళ్లుగా ఉత్తినే వింటున్నాను, ఆ కేంద్రంలో నాకో కుర్చీ వేయిస్తాడేమో కనుక్కో" అంది. కనుక్కున్నాను. జవాబు రాయి.

నీ చెల్లెలు

కౌన్సెలింగ్ కేంద్రం, రెండో అంతస్తు
జూన్ 13

తూటాకి,

నీ ఉత్తరం చదువుతుంటే చిన్నప్పుడు నీకు ఆ పేరు ఎందుకు పెట్టానో మళ్లీ అర్థమైంది. నేరుగా వచ్చి తగులుతావు.

అడిగావు కాబట్టి చెబుతాను. మేము పాటించే పద్ధతిలో మనిషిని పాడైపోయిన యంత్రంలా చూడం, విప్పి బాగుచేయాలనుకోం. ఎంత చితికిపోయిన మనిషిలోనైనా తన దారి తాను వెతుక్కునే శక్తి మిగిలే ఉంటుందని నమ్ముతాం. దానికి తగిన చోటు దొరకాలి, అంతే. ఆ చోటు నువ్వు అవ్వాలి.

ఆయన ఇలా ఉంటేనే మంచివాడు, అలా ఉంటే కాదు అనే షరతు పెట్టకు. ఎలా ఉన్నాడో అలా తీసుకో. ఆయన లోకాన్ని ఆయన కిటికీలోంచే చూడటానికి ప్రయత్నించు. ఆయన ఒక మాటంటే దాన్ని నీ మాటల్లో తిరిగి చెప్పు. నీకు సరిగ్గా అర్థం కాకపోతే ఆయనే దిద్దుతాడు, ఆ దిద్దడంలోనే తన మనసు తనకు కనిపిస్తుంది. సలహా మాత్రం ఇవ్వకు. సలహా ఇచ్చిన క్షణం ఆయన బతుకు నీ చేతిలోకి లాక్కున్నట్టే. ఇంకొకటి కూడా ఉంది, లోపల ఒకటి పైకి ఒకటి లేకుండా ఉండటం. అది అన్నింటికంటే కష్టం, అనుభవం వస్తే గాని పట్టుబడదు. దాన్ని తర్వాత చూసుకోవచ్చు.

తప్పనిసరి నియమం ఒకటుంది. గదిలో చెప్పిన మాట గది దాటకూడదు. ఆయన ఒప్పుకుంటే తప్ప ఎవరికీ చెప్పకు. నాకు కూడా. ఆ నమ్మకం లేకపోతే ఏ మనిషీ నోరు విప్పడు.

రెండు పుస్తకాలు పంపుతున్నాను. పిన్నిగారికి నా నమస్కారాలు. కుర్చీలు ఖాళీ లేవని చెప్పు.

అన్నయ్య

ఇల్లు, వంటగది
జూలై 2

అన్నయ్యకి,

నీ ఉత్తరంలో "ఆయన" ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టాను, ఏడుసార్లు. "బాబాయి" ఒక్కసారి కూడా లేదు. ఏమీ అనడం లేదు. నీ మాటే నీకు తిరిగి చెబుతున్నాను, పద్ధతి ప్రకారం.

మొదటి రోజు ఏం జరిగిందో విను. ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను.

"బాధగా ఉందా బాబాయ్?"

"లేదు."

"అంటే నీకు బాధగా లేదు."

"అదేగా చెప్పాను."

"అదే చెప్పానని నీకు అనిపిస్తోంది."

తల తిప్పి చాలాసేపు నా చెవి వైపు చూశాడు. "ఆ యంత్రాల చప్పుడుకి నీకు వినపడటం తగ్గినట్టుంది. రేపు చూపించుకో" అన్నాడు. నెల రోజుల్లో ఆయన మాట్లాడిన పెద్ద వాక్యం అదే కాబట్టి దాన్ని గెలుపు కింద రాసుకో.

పుస్తకాలు చదివాను. పదో తరగతి దాకే చదివినదానికి ఎక్కుతాయా అనుకుంటున్నావేమో. ఎక్కాయి. అరగని చోట రెండోసారి చదివాను. అందులో మెట్ల బొమ్మ ఒకటుంది చూడు, కింద ఆకలి, దాని మీద భద్రత, తర్వాత ప్రేమ, తర్వాత గౌరవం, చిట్టచివర మనిషి తాను కాగలిగింది కావడం. దాన్ని లాండ్రీలో భోజనాల వేళ అందరికీ చూపించి మనం ఏ మెట్టు మీద ఉన్నామని అడిగాను. పిన్ని బొమ్మను దగ్గరికీ దూరానికీ జరిపి చూసి, "మెట్లు తుడిచేవాళ్లం, అన్నింటి మీదా ఉంటాం" అంది. ఆ పుస్తకం రాసినవాళ్లు ఆ మాట వినాల్సింది. కడుపు నిండాకే ప్రేమించడం మొదలవుతుందంటే, మనిద్దరికీ పెట్టి తను నీళ్లు తాగిన మనిషిని ఏ మెట్టు మీద కూర్చోబెడతావు?

అయినా పద్ధతి వదల్లేదు. పని నుంచి వచ్చి రోజూ అరగంట పీట మీద కూర్చుంటున్నాను. ప్రశ్నలు మానేశాను. ఆయన గోడ చూస్తే నేనూ గోడ చూశాను. పన్నెండో రోజు తనంతట తనే మొదలుపెట్టాడు. ఆవిరి ఎక్కువైతే బాయిలర్ ముందే గుయ్యిమనేదట, ఆ శబ్దం మారితే నిద్రలో కూడా తెలిసేదట. "ఒంట్లో శబ్దం మారితే మాత్రం తెలియలేదే" అన్నాడు. "నీ ఒంటి సంగతి నీకు ఆలస్యంగా తెలిసింది" అన్నాను నేను, అప్పజెప్పినట్టు. "ఊఁ" అన్నాడు. కానీ ఈ ఊఁ వేరు. ఒక మనిషికి దొరికిన ఊఁ.

నీ పద్ధతి పనిచేస్తోంది. ఒప్పుకోవడానికి నాకు ఒళ్లు మండుతోంది. ఇంతకీ నువ్వెందుకు రావు?

చెల్లెలు

కౌన్సెలింగ్ కేంద్రం
జూలై 15

తూటాకి,

ఇక్కడ ఏడాది శిక్షణ తీసుకుంటున్నవాళ్లు కూడా పన్నెండు రోజులు ఊరుకోలేరు. మూడో రోజుకే ఏదో ఒక సలహా జారిపోతుంది. నువ్వు నిలబడ్డావు. ఇంకేమీ చేయకు, ఇలాగే ఉండు. ఆయన ఎంత దూరం వెళ్లాలనుకుంటే అంత దూరమే వెళ్లు, ముందు నడవకు.

మెట్ల బొమ్మ గురించి పిన్నిగారు అన్నది, ఉద్యోగంతో పాటు నేను చేస్తున్న శిక్షణ తరగతిలో చెప్పాను. మొదట నవ్వారు, తర్వాత ఆ బొమ్మను మళ్లీ తీసి చూశారు.

చివర్లో అడిగినదానికి వచ్చే ఉత్తరంలో రాస్తాను. కొత్తగా వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు.

అన్నయ్య

ఇల్లు, వంటగది
ఆగస్టు 9

అన్నయ్యకి,

నిన్న ఆదివారం బాబాయి గంటన్నర మాట్లాడాడు. నేను పీట మీద, ఆయన కుర్చీలో. పొయ్యి మీద పాలు పొంగి పోయాయి, లేవలేదు. లేస్తే ఆగిపోతాడని.

నీకు రాయగలిగింది ఇదీ. తన అన్న పోయిన రోజు, అంటే నాన్న పోయిన రోజు, మనల్ని చెరో చేత్తో పట్టుకుని నడిపిస్తూ ఇల్లు చేరేదాకా ఏం వండాలా అనే ఆలోచించాడట. ఏడవడం మర్చిపోయాడట. ఆ తర్వాత గుర్తొచ్చినా, పిల్లల ముందు బాగుండదని వాయిదా వేశాడట. నిన్నటిదాకా వాయిదాలోనే ఉంది. నిన్న తీరింది.

రాయలేనివి రెండున్నాయి. ఒకటి ఆయన గురించి, రెండోది నీ గురించి. రెండూ చెప్పి, "ఇవి వాడికి రాయకు" అన్నాడు. నేను మాటిచ్చాను. మాటివ్వడమే కదా నువ్వు నేర్పింది. కానీ రాత్రంతా ఆ మాటలు నా గొంతులో ఇరుక్కుని కూర్చున్నాయి. పొద్దున మడత బల్ల దగ్గర మూడు దుప్పట్లు తిరగేసి మడిచాను, పిన్ని నా నుదురు పట్టి చూసింది.

సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పు. ఆ నియమానికి సందు ఉందా? గది మాట గది దాటించవచ్చా, ఎప్పుడైనా, ఏ కారణానికైనా?

చెల్లెలు

కౌన్సెలింగ్ కేంద్రం, శిక్షణ గది
ఆగస్టు 20

తూటాకి,

ఒకే ఒక్క సందు ఉంది. ఎదుటి మనిషి తనకు గాని, మరొకరికి గాని హాని చేస్తానంటే చెప్పాలి. ఆయన అలాంటి మాట అన్నాడా? అనకపోతే చెప్పకూడదు. నీ గొంతులో ఇరుక్కుంది నీ బరువు, దాన్ని దించుకోవడానికి ఆయన నమ్మకాన్ని వాడుకోకు. నా గురించి ఏదో అన్నాడని రాశావు. తెలుసుకోవాలని లేదని అబద్ధం చెప్పను. అయినా అడగను.

ఎందుకు రావని అడిగావు కదా.

పదహారో ఏట లెక్కల పరీక్ష తప్పాను. నువ్వు బడిలో ఉన్నావు. మధ్యాహ్నం ఆయన బాయిలర్ గది నుంచి ఇంటికొచ్చి మార్కుల కాగితం చూశాడు. అరవలేదు, కొట్టలేదు. "పాసయ్యాక నన్ను బాబాయి అను. అప్పటిదాకా అనకు" అన్నాడు. నేను లేచి గుమ్మం దాటాను. తర్వాత ఆ పరీక్ష పాసయ్యాను, ఇంకా చాలా పాసయ్యాను. ఆ పిలుపు మాత్రం మళ్లీ నోటికి రాలేదు. ప్రేమకు షరతు పెడితే పిల్లవాడు ఆ షరతునే తనకు విలువ అనుకుని పెరుగుతాడని మా పుస్తకాల్లో ఉంటుంది. నేను ఈ చదువుకు ఎందుకొచ్చానో ఇప్పుడు నీకు తెలిసే ఉంటుంది.

గత వారం శిక్షణలో ఒక అభ్యాసం చేయించారు. ఎదురుగా ఖాళీ కుర్చీ వేస్తారు. మనం చెప్పలేకపోయిన మాట ఎవరికి చెప్పాలో వాళ్లు అందులో ఉన్నారనుకుని చెప్పాలి. తర్వాత ఆ కుర్చీలోకి మారి వాళ్లలా జవాబివ్వాలి. నేను ఆయన్ని కూర్చోబెట్టాను. నలభై నిమిషాలు మాట్లాడాను. ఆయన కుర్చీలోకి వెళ్లి "తప్పు చేశాను రా" అని చెప్పాను. చాలా ఏడ్చాను. లేచేసరికి పన్నెండేళ్ల బరువు దిగింది. క్షమించాను చెల్లీ. ఇక తొందరపడి రావాల్సిన అవసరం కూడా లేదనిపించింది.

అన్నయ్య

లాండ్రీ, గేటు పక్క గట్టు మీద
సెప్టెంబరు 1

అన్నయ్యకి,

నీ ఉత్తరం మూడు రోజులు జేబులో పెట్టుకు తిరిగాను, చించేస్తానేమోనని భయపడి.

కుర్చీని క్షమించి వచ్చావా? కుర్చీ "తప్పు చేశాను రా" అందా? ఆ మాట కూడా నువ్వే అన్నావు కదా. ఇక్కడ కుర్చీ ఉంది, అందులో మనిషి ఉన్నాడు. ఈ కుర్చీ దగ్గుతుంది. కాళ్లు వాస్తే స్టూలు అడుగుతుంది. నువ్వు రాసిచ్చిన జవాబు కాకుండా తన జవాబు చెబుతుంది. దానికి భయపడే నువ్వు అక్కడ కర్రముక్కతో మాట్లాడుకుంటున్నావు.

ఆయన అన్న మాట తప్పే. వంద తప్పులు. ఈ సంగతి పన్నెండేళ్లలో నాకెప్పుడూ చెప్పలేదు నువ్వు. నేను అప్పుడు పదకొండేళ్లదాన్ని, బడి నుంచి వచ్చేసరికి నువ్వు లేవు, నా వల్ల పోయావేమో అనుకున్నాను, నీ పెన్సిలు విరగ్గొట్టినందుకు. ఆ రోజు షరతు పెట్టింది ఆయన. పన్నెండేళ్లుగా దాన్ని నడుపుతున్నది నువ్వు. వచ్చినవాళ్లందరినీ ఎలా ఉన్నవాళ్లను అలా తీసుకుంటావు, దానికి బోర్డు కూడా కట్టుకున్నావు. ఒక్క మనిషి దగ్గర మాత్రం "ముందు ఆయన మారాలి" అంటావు.

రా. త్వరగా రా. ఎందుకని అడగకు. నేను చెప్పకూడదు. ఆయన తనకు తాను హాని చేసుకుంటాననలేదు, కాబట్టి నీ సందులో పట్టదు. ఇంతకంటే రాస్తే మాట తప్పినదాన్నవుతాను. చదవడం వచ్చినవాడివి కదా, చదువుకో.

చెల్లెలు

కౌన్సెలింగ్ కేంద్రం
సెప్టెంబరు 14

తూటాకి,

నీ ఉత్తరంలో చాలా కోపం కనిపించింది. ఆ కోపం కింద, ఇంత బరువు ఒక్కదానివే మోస్తున్నానన్న బాధ ఉన్నట్టు నాకు అర్థమవుతోంది. అలా అనిపించడం సహజం. ఆ కోపం వచ్చినప్పుడు ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో గమనించు. దాన్ని తోసేయకు, కాసేపు ఉండనివ్వు.

పెన్సిలు సంగతి నాకు తెలియదు. పన్నెండేళ్లు అలా అనుకున్నావని చదివి బాధ కలిగింది.

నవంబరు చివర నా శిక్షణ పూర్తవుతుంది. అప్పుడు నిదానంగా ఆలోచిద్దాం. తొందరేముంది?

అన్నయ్య

ఇల్లు
అక్టోబరు 11

అన్నయ్యకి,

బాబాయి పోయాడు. మొన్న గురువారం పొద్దున పది గంటలకి.

మీ కేంద్రానికి మూడుసార్లు ఫోన్ చేశాను. సెషన్ నడుస్తోంది, తలుపు తట్టకూడదు అంది బల్ల దగ్గర అమ్మాయి. చెల్లెలు చేసిందని చెప్పమన్నాను. కారణం చెప్పలేదు. చెల్లెలు చేసిందంటే చాలాలి అనుకున్నాను. చాల్లేదు. సాయంత్రం దాకా చూసి సాగనంపేశాం. పాత బాయిలర్ మనుషులు నలుగురు మోశారు.

ఇక నియమం లేదు కాబట్టి మొదటి మాట చెబుతున్నాను. ఆయన మౌనానికి బాయిలర్ కారణం కాదు. మే నెలలో ఒక్కడే ఆసుపత్రికి వెళ్లి చూపించుకున్నాడు. గొంతు కింద, తిండి దిగే దారిలో గడ్డ. కోస్తే కొన్నేళ్లు ఉండొచ్చు, లేకపోతే ఐదారు నెలలన్నారు. ఆగస్టులో ఆ ఆదివారం నాకు చెప్పాడు. కోయించుకోను, నీ చేత చాకిరీ చేయించుకోను అన్నాడు.

నేనేం చేశానో తెలుసా? "కోయించుకో" అనలేదు. కాళ్లు పట్టుకోలేదు. గిన్నెలు విసరలేదు. "నాకు నువ్వు కావాలి" అనలేదు. సలహా ఇవ్వకూడదు కదా, ముందు నడవకూడదు కదా. "నీకు భయంగా ఉంది, ఎవరికీ బరువు కాకూడదని ఉంది" అన్నాను. "ఊఁ, అంతే" అన్నాడు. పుస్తకం ప్రకారం అది చాలా మంచి జవాబు. ఎదుటి మనిషిని సరిగ్గా అర్థం చేసుకున్నామనడానికి గుర్తు. నేను మార్కులు తెచ్చుకున్నాను అన్నయ్యా. బాబాయి చచ్చిపోయాడు.

చివరి నాలుగు రోజులు వార్డులో ఉన్నాడు. ఆ ఆసుపత్రి దుప్పట్లు ఉతికేది మేమే, ఆయన మీద కప్పినది మన లాండ్రీదే. మూల లోపలికి తోసి మడవడం నా అలవాటు, ఇంకెవరూ అలా మడవరు. విప్పుతుంటే తెలిసింది.

చెల్లెలు

కౌన్సెలింగ్ కేంద్రం
అక్టోబరు 19

చెల్లీ,

నువ్వు ఏ తప్పూ చేయలేదు. ఆయన నిర్ణయం ఆయనది, దాన్ని గౌరవించావు. ఇచ్చిన మాట నిలుపుకున్నావు. ఆ స్థితిలో నీకు తోచిన మంచి నువ్వు చేశావు. నీ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. దుఃఖం తన దారిన తాను నడుస్తుంది, దానికి సమయం ఇవ్వు. నేను బాగానే ఉన్నాను.

అన్నయ్య

లాండ్రీ, మడత బల్ల దగ్గర
అక్టోబరు 27

అన్నయ్యకి,

ఫిర్యాదు లేదా? ఎందుకు లేదు? నిన్ను మంచితనం ఎవరడిగారు?

నిన్న పిన్నికి అంతా చెప్పాను. దుప్పటి కొస వదిలేసింది. "నోరు పెట్టుకుని ఏం చేశావే? మనిషి పోతానంటుంటే ఊఁ కొట్టి కూర్చున్నావా? నేనైతే లాక్కెళ్లి ఆసుపత్రి గుమ్మంలో పడేద్దును" అని అందరి ముందూ తిట్టింది. సూపర్‌వైజర్ తలుపులోంచి చూసి వెనక్కి వెళ్లిపోయాడు. తిట్టి తిట్టి తనే ఏడ్చింది. తర్వాత కింద పడ్డ కొస దులిపి మళ్లీ పట్టుకుంది, పట్టు, మిగతావి కానిద్దాం అంది. ఇరవై రోజుల్లో మొదటిసారి నాకు ఊపిరాడింది.

నువ్వేమో నన్ను దూదిలో చుట్టి పంపించావు. ఆ ఉత్తరం ఎవరికైనా సరిపోతుంది. దాని మీద పేరు మార్చి రేపు వచ్చేవాళ్లకి ఇచ్చేయొచ్చు. నీ పద్ధతిలో అన్నింటికంటే కష్టమైనది ఒకటుందన్నావు, లోపలా పైనా ఒకటే ఉండటం. తర్వాత చూసుకుందాం అన్నావు. ఈ పుస్తకాలు రెండూ మళ్లీ చదివాను. అది లేకపోతే మిగతా రెండూ, షరతు పెట్టకపోవడం, ఎదుటి మనిషి కిటికీలోంచి చూడటం, ఉత్త నటన అని అందులోనే ఉంది. నాకు నేర్పలేదెందుకని అడగను. నీకూ రాదు.

నన్ను తిట్టు. తిట్టాలని లేకపోతే ఇక రాయకు.

చెల్లెలు

నా గది
నవంబరు 5

చెల్లీ,

నువ్వు చెప్పి ఉండాల్సింది.

చెప్పకూడదని రాసింది నేనే. అయినా చెప్పాల్సింది. నా నియమాన్ని పొయ్యిలో పెట్టి "చచ్చిపోతున్నాడు రా" అని ఒక్క ముక్క రాసి ఉండాల్సింది. ఫోన్‌లో ఆ పిల్లకి కారణం చెప్పి ఉండాల్సింది. నీ పంతం కోసం నన్ను ఆయన మొహం చూడనివ్వలేదు. నీ మీద ఎంత కోపంగా ఉందంటే ఈ కాగితం నాలుగోది, మూడు చింపాను. ఇది న్యాయం కాదు, నాకు తెలుసు. కానీ లోపల ఉన్నది ఇదే.

నువ్వు "చదువుకో" అని రాశావు. చదివాను. సెప్టెంబరులో ఆ ఉత్తరం చదివినప్పుడే నాకు అర్థమైంది చెల్లీ. అంతా కాదు, కానీ ఏదో ముంచుకొస్తోందని అర్థమైంది. అర్థం కానట్టు నీకు జవాబు రాశాను. వస్తే ఆయన ఎదురుగా ఏమని పిలవాలో తెలియక. తొందరేముంది అని రాసిన చెయ్యి ఇదే.

క్షమించానన్నది అబద్ధం. ఆ రోజు కుర్చీలో కూర్చోబెట్టింది బాబాయిని కాదు. నాకు కావలసినట్టు తల దించుకునే ఒకడిని తయారు చేసుకున్నాను.

సోమవారం ఒక పెద్దాయన వచ్చాడు. కొడుకు మాట్లాడటం లేదని చెప్పుకుంటున్నాడు. తిరిగి చెప్పాల్సిన మాట నా నోట్లోంచి రాలేదు. ఆయనే లేచి నాకు మంచినీళ్లు ఇచ్చాడు. అప్పటినుంచి పనికి వెళ్లలేదు.

బాబాయి రెండు మాటలు చెప్పాడన్నావు. ఒకటి తెలిసింది. నా గురించి ఏమన్నాడు? నీ మాటల్లో వద్దు. ఎలా అన్నాడో అలాగే రాయి.

అన్నయ్య

ఇల్లు, వంటగది
నవంబరు 12

అన్నయ్యా,

తిట్టావు. బాగా తగిలింది. రెండుసార్లు చదివాను.

రెండో మాటకి ఆయన ఒప్పుదల లేదు, ఇక రాదు కూడా. రాస్తున్నాను.

ముందు ఒకటి చెప్పాలి. నీ ఆగస్టు ఉత్తరం వచ్చాక ఉండబట్టలేక అడిగాను, "పాసయ్యాకే బాబాయి అను" అని నువ్వు అన్నావా అని. ఆయనకి గుర్తు రాలేదు. అన్నానేమో అన్నాడు. అలాంటివి అనే రకాన్నే అన్నాడు. తర్వాత మళ్లీ అడిగాడు, "ఆ మాటకా పోయాడు?" అని. నేను పీట మీదే తల దించుకున్నాను.

ఆయనకి గుర్తున్నది వేరే. ఆ ఆదివారం చెప్పింది అదే. ఆయన అన్నట్టే రాస్తున్నాను.

"ఆ రోజు మధ్యాహ్నం వాడికి కంచం పెట్టానే. మార్కుల కాగితం చూసేసరికి పెట్టిన కంచం అలాగే ఉండిపోయింది. వాడు తినకుండా లేచిపోయాడు. జేబులో ఏమీ లేదు వాడికి, చొక్కా కూడా మార్చుకోలేదు. వస్తాడు కదా అని మూత పెట్టి ఉంచాను. మూడో రోజుదాకా ఉంచాను. ఎక్కడ తిన్నాడో, ఎవరు పెట్టారో. నువ్వు వాడికి రాయకు, చిన్నపిల్లాణ్ని అడిగినట్టు ఉంటుంది, నవ్వుకుంటాడు. వస్తే నేనే అడుగుతా."

నేను పద్ధతి ప్రకారం, "నీకు అది గుర్తొస్తూ ఉంటుంది" అన్నాను.

"గుర్తు రావడం కాదే," అన్నాడు, "తిన్నాడో లేదో తెలియాలి."

ఆ తర్వాత ప్రతి ఆదివారం అడిగేవాడు, వాడు ఎప్పుడొస్తానన్నాడు అని. నీ సెప్టెంబరు ఉత్తరం వచ్చాక నవంబరు అని చెప్పాను. నవంబరుకి ఎన్ని వారాలో వేళ్ల మీద లెక్కపెట్టుకునేవాడు. వార్డులో మాట పడిపోయాక కూడా వేళ్లు కదిలేవి.

నేను వినడం మానేశాను అన్నయ్యా, ఇప్పుడు అడుగుతున్నాను. ఆ రోజు ఎక్కడ తిన్నావు?